బంధువుకిచ్చిన అప్పు – కంప్యూటరులో పద్దు



ఊరు విడిచి మూడు తరములైనను మన ఇండ్లలో బంధువుల అప్పులు నోటిమాట మీదనే జరుగుచున్నవి. ఇచ్చిన దినమున ఎవరికిని అనుమానముండదు. రెండేండ్లు గడచి "ఎంత తీరింది, ఎంత మిగిలింది?" అన్నచోట మాట తేడా వచ్చును. డబ్బుకంటె ముందు రాకపోకలు పోవును. అట్టి అప్పును ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేరులో ఎట్లు వ్రాయవలెనో ఈ పాఠములో చూతము. ట్యాలీ మన బెంగుళూరు కంపెనీదే. మన పిల్లలలో నేర్చినవారు గలరు.

ఉదాహరణ: మేనల్లుడు ఆటో కొనుటకు 60,000 రూపాయలు పుచ్చుకొనెను. నెలకు 5,000 చొప్పున తీర్చవలెను. వడ్డీ లేదు.

1. ఇది ఖర్చు కాదు. ఖర్చుగా వ్రాసినచో అతడు తిరిగి కట్టునది ఆదాయముగా కనబడును. ఒక తప్పు రెండగును. రావలసిన సొమ్ము మన ఆస్తియే. బ్యాంకులోని 60,000 అతని పేరిటకు మారినది, అంతే.

2. అతని పేరిట ప్రత్యేకముగా లెడ్జరు తెరచి, లోన్స్ అండ్ అడ్వాన్సెస్ అసెట్ అను గ్రూపులో ఉంచవలెను. అందరి చేబదుళ్లు ఒకే లెడ్జరులో కలుపరాదు.

3. ఇచ్చిన దినమున ఎఫ్5 మీట నొక్కి పేమెంటు వోచరు వ్రాయవలెను. నారేషన్ గడిలో చెక్కు నంబరు, ఒప్పుకొన్న వాయిదా వ్రాయవలెను.

4. వాయిదా వచ్చినప్పుడు ఎఫ్6, రిసీప్టు వోచరు. ఆలస్యమైనను సొమ్ము వచ్చిన తేదీనే వేయవలెను.

5. తగవులు ఎక్కువగా పుట్టునది ఇక్కడ. అతడు 3,200 రూపాయల బియ్యము తెచ్చి ఇంటిలో దింపెననుకొందము. అది బాకీలో చెల్లు అని అతడు తలంచును. ప్రేమతో తెచ్చెనని మనము తలంతుము. ఆ దినమే అడిగి తేల్చుకొనవలెను. చెల్లు అయినచో ఎఫ్7, జర్నల్ వోచరు: ఇంటి ఖర్చు డెబిట్, మేనల్లుడు క్రెడిట్.

6. వడ్డీ పుచ్చుకొనినచో దానిని అసలుతో కలుపక, ఇండైరెక్ట్ ఇన్‌కమ్స్ క్రింద వేరు లెడ్జరులో చూపవలెను. వడ్డీ ఆదాయము, అసలు కాదు.

అయితే కంప్యూటరు పద్దు ఒక్కటే చాలదు. అది మనము వ్రాసికొన్నదే గదా. మొదటనే ప్రామిసరీ నోటు వ్రాయించవలెను. 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని అప్పును నగదుగా పుచ్చుకొనుట సాధారణముగా ఆదాయపు పన్ను చట్టమునకు విరుద్ధము. పుచ్చుకొన్నవానికే జరిమానా పడును. కనుక బ్యాంకు ద్వారానే ఇవ్వవలెను. అప్పుపై దావాకు సాధారణముగా మూడేండ్లే గడువు. ఆ గడువు లోపల బాకీ ఉన్నదని అతడు వ్రాతపూర్వకముగా ఒప్పుకొని సంతకము చేసినచో, ఆ దినమునుండి క్రొత్త గడువు మొదలగును. కాబట్టి ఏటేట లెడ్జరు ప్రింటు తీసి, మిగిలిన బాకీ క్రింద తేదీతో అతని సంతకము తీసికొని, ఒక ప్రతి అతనికీయవలెను. ఇది అపనమ్మకము కాదు. ఇద్దరిలో ఒకరు లేని దినమున పిల్లలు కొట్లాడకుండ చేయు ఏర్పాటు.

అతనికి కష్టము వచ్చి బాకీ వదలివేయ నిశ్చయించినచో లెడ్జరును చెరిపివేయరాదు. మాఫీ అని జర్నల్ వ్రాసి, ఆ సంగతి అతనికి చెప్పవలెను. చెప్పని మాఫీ అతని మనస్సులో బాకీగానే ఉండును.

అభ్యాసము

1. ఎనిమిది వాయిదాలు కట్టి, బియ్యము చెల్లు వేసిన తరువాత మిగిలిన బాకీ ఎంత? (జవాబు: 16,800)

2. ఆ మిగిలినది మాఫీ చేసినచో ఏ లెడ్జరు డెబిట్, ఏది క్రెడిట్?

3. మీ ఇంట నోటిమాట మీదనున్న అప్పులెన్ని? ఈ వారమే పద్దు వ్రాయుడి.