రూపాయి లెక్క, కిలో లెక్క రెండూ వస్తే ఉద్యోగం

విశాఖ నుంచి హైదరాబాద్‌కు సరుకు లారీ దాదాపు 620 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే 155 లీటర్ల డీజిల్ తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2.7 కిలోలు. అంటే ఒక్క ట్రిప్పుకు 418 కిలోలు.

ఇప్పుడు దాని స్థానంలో ఎలక్ట్రిక్ ట్రక్కు పెట్టండి. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో కేంద్రం ఒక్కో ట్రక్కుకు గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం ఇస్తోంది. పాత డీజిల్ బండిని తుక్కుకు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాలి. యజమానికి ఇక్కడి వరకూ బాగానే అర్థమవుతుంది. అసలు లెక్క ఆ తర్వాతే ఉంది. ట్రక్కు కిలోమీటరుకు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుందనుకుందాం. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 620 యూనిట్లకు 434 కిలోలు! ముడి చమురును తీయడానికి, శుద్ధి చేయడానికి అయ్యే కార్బన్ కలిపితే డీజిల్ లెక్క పెరుగుతుంది, నిజమే. అయినా గ్రిడ్ కరెంటు మీదే నడిస్తే లాభం మనం ఊహించినంత ఉండదు. అదే డిపో షెడ్డు మీద సోలార్ పెట్టి ఛార్జ్ చేస్తే కార్బన్ అమాంతం పడిపోతుంది.

సబ్సిడీ రూపాయల లెక్క మారుస్తుంది, కిలోల లెక్క దానంతటదే మారదు. ఈ రెండింటినీ ఒకే షీటులో పెట్టి, సబ్సిడీ ఆగిపోయినా బండి గిట్టుబాటవుతుందా అని కూడా చెప్పగలిగిన మనిషి కోసం కంపెనీలు చూస్తాయి. ఎలక్ట్రిక్ వాహనాలకు అంతకుముందు సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకం 2024 మార్చితో ముగిసింది. పథకాలు అలా ముగుస్తుంటాయి, కొన్న బండి మాత్రం మిగులుతుంది.

ఈ అవసరం ఊరికే పుట్టలేదు. సెబీ నిబంధనల ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ వివరాలతో నివేదిక ఇవ్వాలి. ఉక్కు, అల్యూమినియం వంటి సరుకులపై యూరప్ కార్బన్ సుంకం 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పెద్ద కంపెనీని అడిగిన లెక్క చివరికి దానికి సరుకు పంపే చిన్న యూనిట్ దగ్గరికి, లారీ ఆఫీసు దగ్గరికి వస్తుంది.

ఇది ఇంజినీర్ల పని మాత్రమే అనుకుని బీకాం పిల్లలు పక్కకు తప్పుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. బిల్లులు చదవడం, ఎక్సెల్‌లో పట్టిక కట్టడం వాళ్లకు చేతికొచ్చిన విద్య. కార్బన్ లెక్క ఎలా వేయాలో చెప్పే జీహెచ్‌జీ ప్రోటోకాల్ ప్రమాణాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో సరఫరాదారులు, రవాణా లెక్క చెప్పే స్కోప్ 3 ప్రమాణంతో మొదలుపెట్టండి. సప్లై చెయిన్ కోర్సులు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివి అనుభవం సంపాదించినవాళ్లకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఉంది.

ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల కట్ట ఒక్కటే తీసుకెళ్లకండి. మీ ఊళ్లో ఒక లారీ యజమానిని అడిగి నెల రోజుల డీజిల్ బిల్లులు తీసుకోండి. పైన చేసిన లెక్కే ఆయన బండికి వేసి, ఆ ఒక్క పేజీ తీసుకెళ్లండి.