దవాఖానా దఫ్తరము: నేర్వదగిన యొక విద్య

వైద్యశాల యనగానే మనకు వైద్యుడు, నర్సు, మందులు స్ఫురించును. ద్వారము ప్రక్క కిటికీ వెనుక కూర్చుండి చీటి వ్రాయు వ్యక్తిని ఎవరును తలపరు. కాని రోగి మొదట కలిసికొనునది ఆ వ్యక్తినే. ఇంటికి మరలునపుడు కాగితములు పుచ్చుకొనునదియు అచ్చటనే. సిరికొండ నుండి బస్సెక్కి నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి పోయిన రైతు చేతికి వచ్చు చీటియు, పరీక్షా ఫలితమును, డిశ్చార్జి పత్రమును ఆ కార్యాలయము గుండా రావలసినవే. ఈ పనికి ప్రత్యేకమైన చదువు కలదని పంచాయతీ సభ్యులలో పెక్కుమంది యెరుగరు.

అమెరికాలో దీనిని కమ్యూనిటీ కళాశాలలలో బోధింతురు. ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియట్ పట్టణమున 1901లో ఇట్టి కళాశాల వెలసినది. ఇంటి నుండియే పోయి వచ్చుచు, పని చేసికొనుచు, ఒకటి రెండేండ్లలో ఒక వృత్తి నేర్చుకొను ఏర్పాటది. మన దేశమున మొదటి కమ్యూనిటీ కళాశాల 1995లో పాండిచ్చేరిలో ఆరంభమైనది.

ఇందు నేర్పునదేమి? మొదటిది వైద్యుల భాష. అది చూచుటకు గహనమే కాని, కీలు తెలిసిన సులభము. మాట చివర 'ఐటిస్' అని యున్న అది వాపు: అపెండిసైటిస్, హెపటైటిస్. 'ఎక్టమీ' యున్న ఆ భాగమును కోసి తీసివేయుట. ఈ తోకలు తెలియని గుమాస్తా ఒక అక్షరము తప్పు వ్రాసిన రోగమే మారిపోవును. పిదప వ్యాధులకు సంకేతములు వేయుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల నన్నింటిని వర్గీకరించి సంకేతము లిచ్చినది. దాని 11వ సవరణ 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇక లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరములు, కంప్యూటరు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

పాత కాగితమును భద్రపరచి, అడిగిన క్షణమున తీసి యిచ్చుట మరొక పాఠము. మన జిల్లాలో డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాలను ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, ఆమె భర్త 1915లో నెలకొల్పిరి. కుష్ఠునకు నేడు రోగలక్షణమును బట్టి ఆరు నెలలో, పండ్రెండు నెలలో మందు వాడవలెను. ఎన్నవ నెల మందు ఇచ్చితిమో వ్రాసి యుంచనిచో వైద్యుడు ఊహపై ఆధారపడవలసి వచ్చును.

అన్నిటికంటె మన గ్రామములను బాధించునవి పేరు, వయస్సు. ఒక వృద్ధురాలు ఇంట గంగవ్వ, రేషను కార్డులో గంగమ్మ, ఆధారులో గంగు. దవాఖానాలో ఏ పేరు చెప్పిన ఆ పేరే వ్రాసికొందురు. ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స కోరునపుడు మువ్వురు గంగవ్వలు ఒక్కరేయని నిరూపించుటకు కుటుంబము తిరుగవలసి యుండును. వయస్సు సంగతి యింతకంటె కఠినము. 2018 ఆగస్టు 15న ప్రారంభమైన రైతుబీమా పథకము 18 మొదలు 59 ఏండ్ల వయస్సు గల రైతులకు ఉద్దేశింపబడినది. రైతు మరణించిన కుటుంబమునకు 5 లక్షల రూపాయలు. ఒకప్పుడు ఎవరో అందాజుగా వ్రాసిన జన్మ సంవత్సరము ఆ రైతును 60 దాటించినచో, ఆ కుటుంబము ఎవరిని అడుగగలదు?

మరణ కారణము వ్రాయుటయు విద్యయే. వైద్యశాలలో మరణించిన వారికి 4వ నమూనాలోను, ఇంట మరణించి అంత్యవ్యాధిలో వైద్యుడు చూచిన వారికి 4ఏ నమూనాలోను కారణము వ్రాయుట వైద్యుని విధి. 'గుండె ఆగినది' అని వ్రాసిన చాలదు. ఎవరు మరణించినను గుండె ఆగును గదా! పొలమున పాము కరచిన, దాని వలన ఊపిరి ఆగిన, మూలకారణము పాముకాటే. దఫ్తరములో చదువుకొన్న వ్యక్తి యున్నచో ఖాళీగా నున్న గడిని చూచి పత్రమును వైద్యుని బల్లపైకి మరల పంపును. లేనిచో అట్లే బైటికి పోవును.

గోప్యత నేర్పక యీ చదువు ముగియదు. చిన్న యూరిలో ఎవరికి ఏ రోగమో తెలిసిన సంబంధములు చెడును, పని పోవును. క్షయ రోగిని గూర్చి ప్రభుత్వమునకు తెలుపుట 2012 నుండి విధియైనది. పొరుగువారికి తెలుపుట కాదు. హెచ్.ఐ.వి. విషయమున 2017 నాటి చట్టము రోగి సమ్మతి లేక వెల్లడించుటను నిషేధించినది. ఊరివాడే ఊరి దవాఖానాలో గుమాస్తా యైనచో ఈ నియమము మరింత బరువగును. మన పిల్లలకు ముందు ఇది చెప్పి పంపవలెను.

ఇట్టి పనివారు మనకు కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీతో పాటు ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలు వచ్చిరి. కార్డు చూచి పేరు నమోదు చేయుట, అనుమతి వచ్చువరకు రోగికి దారి చూపుట వారి పని. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఆరోగ్య సమాచార నిర్వహణను ఒక వృత్తిగా గుర్తించినది. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో ల్యాబ్ టెక్నీషియన్, ఆరోగ్య కార్యకర్త కోర్సులు దీనికి దగ్గరి దారులు. హైదరాబాదులోని నిమ్స్‌లో ఆసుపత్రి నిర్వహణలో పట్టభద్రానంతర విద్య కలదు. పదియవ తరగతి ముగించి ఇంట నున్న బాలికల పేర్లు సభ్యులు తమ వార్డులలో తెలిసికొని, వారి తలిదండ్రులతో మాటాడవలెను. సూది పట్టుటకు జంకు పిల్ల కూడ కలము పట్టి దవాఖానాలో పని చేయవచ్చునని చెప్పవలెను.

ఈలోగా పంచాయతీ చేతిలోనే నున్న దఫ్తరపు పని యొకటి కలదు. 1969 నాటి చట్టము ననుసరించి జనన మరణములను 21 దినములలో తెలిపిన నమోదునకు రుసుము లేదు. ఏడాది దాటిన మెజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. 2023 అక్టోబరు 1న గాని, తరువాత గాని పుట్టిన వారికి బడిలో చేరుటకు, ఓటరు జాబితాకు, ఉద్యోగమునకు పుట్టిన తేదీని రుజువు చేయునది జనన పత్రమే. వైద్యశాలలో పుట్టిన బిడ్డ సంగతి వైద్యశాల వారే తెలుపుదురు. ఇంట పుట్టిన బిడ్డ సంగతి ఇంటి పెద్దయే తెలుపవలెను. మన ప్రాంతమున 21వ నాడు తొట్టెలలో వేసి పేరు పెట్టిన పిదప వ్రాయింతమని ఆగువారు కలరు. ఆ నాటితోనే గడువు తీరును. పేరు లేకయే జననమును నమోదు చేయించి, పేరును పండ్రెండు నెలలలోపల రుసుము లేక చేర్పించుకొనవచ్చునని ఆ యింటివారికి తొట్టెల పండుగకు ముందే చెప్పి రావలెను.