దుంగ కోసేటప్పుడే చైన్‌సాలో మోత: కారణం ఎక్కడ?

బిలాస్‌పూర్ సమీపంలోని గతౌరాలో స్థిరపడిన ఒక తెలుగు ఋణగ్రహీత చైన్‌సాను ఇటీవల పరిశీలించాను. ఖాళీగా బాగానే నడుస్తున్నది; దుంగలో దిగగానే గడగడమని మోత. “ఇంజను పోయింది సార్, కొత్త మిషనుకు ఋణం ఇప్పించండి” అన్నారాయన. పాత వాయిదాలింకా మిగిలే ఉన్నాయి.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్ వైరు తీసి, మూత విప్పించాను. గొలుసు కొత్తది, స్ప్రాకెట్ పాతది! దాని పళ్ళపై లోతైన గాడులు. బలం పడినపుడు గొలుసు అందులో కుదురుకోక ఎగిరిపడుతున్నది. అరుగుదల అర మిల్లీమీటరు దాటితే స్ప్రాకెట్ మార్చవలసినదే. రెండు గొలుసులకొక స్ప్రాకెట్ అనుకొనవచ్చును. గొలుసు వదులైనా ఇటువంటి మోతే వచ్చును. అది బార్ కింద వేలాడరాదు, చేతితో లాగిన సులువుగా జరగవలెను.

గొలుసు తిరగకుండా ఇంజను మాత్రమే నడిచేటప్పుడు మోత వస్తే, క్లచ్ స్ప్రింగులనూ డ్రమ్ములోని బేరింగునూ అనుమానించవలెను.

నిజంగా భయపడవలసినది కీచుమని హెచ్చే ధ్వనికి. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువగా అందుతున్నదన్నమాట. అటులనే కోస్తే పిస్టన్ గీసుకొనిపోవును. వెంటనే ఆపి కార్బురేటరును, పెట్రోలు ఫిల్టరును మెకానిక్‌కు చూపాలి. 50:1 పాళ్ళు సూచించిన మిషనుకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిలు కలపాలి.

డీలర్లు గొలుసు అమ్మేటప్పుడు పాత స్ప్రాకెట్‌ను ఒకసారి తెప్పించి చూడవలసినదిగా మనవి.