టీ కణ గ్రాహకముల వైవిధ్యము
సింగరేణి పట్టణమైన బెల్లంపల్లిలో ఒక గనికార్మికుని ఊపిరితిత్తులలో క్షయక్రిమి చేరినచో, దానిని ఆనవాలు పట్టవలసినది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణము. అందుకు సాధనమైన గ్రాహకమునందు సాధారణముగా ఆల్ఫా, బీటా గొలుసులుండును, వాని జన్యువులు వరుసగా 14, 7 క్రోమోజోములపై నున్నవి. ఆ జన్యువులలోని వి, డి, జె ఖండములను (డి బీటాకే పరిమితము) రాగ్-1, రాగ్-2 ప్రోటీనులు కత్తిరింపగా, అన్య ఎంజైములు అతుకునపుడు కొన్ని డీఎన్ఏ అక్షరములు చేరుటచేతను ఊడుటచేతను, స్వల్పమైన జన్యుసంపదనుండి కోట్లకొలది గ్రాహకములు పుట్టుచున్నవి.

పుట్టినవన్నియు నిలువవు: 6వ క్రోమోజోముపైనున్న హెచ్.ఎల్.ఎ. జన్యువులనుండి పుట్టి, క్రిమిశకలములను టీ కణమునకు చూపు ప్రోటీనులను బొత్తిగా గుర్తింపలేనివియు, స్వదేహాంశములను గాఢముగా పట్టుకొనునవియు బహుళముగా థైమస్ గ్రంథిలోనే నశించును, కనుక హెచ్.ఎల్.ఎ. భేదము గ్రాహకభేదమునకు హేతువగుచున్నది.

ఈ రంగమునందలి పరిశోధనలకు నోబెల్ బహుమతులును లభించినవి: టొనెగావా (1987) ప్రతిరక్షకముల జన్యువులను గూర్చిన పరిశోధనకును, డోహర్టీ, జింకర్‌నాగెల్ (1996) టీ కణపు గుర్తింపును గూర్చిన పరిశోధనకును బహుమతి నందిరి.