దేవుడికి నా మీద కోపమొచ్చిందా అక్కా?

ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి బయట చెప్పులు వేసుకుంటూ పక్కకు పిలిచి గుసగుసగా అడిగే ప్రశ్న ఒకటుంది. కూటంలో పదిమంది ముందు నోరు రాదు మనకి. "అక్కా, దేవుడికి నా మీద కోపమొచ్చిందేమో?" కడుపు నిలవలేదనో, ఆయనకి షుగర్ తేలిందనో, కాలువ నీళ్లు మన మడిదాకా రాక నారు ఎండిందనో. కష్టం గడప తొక్కీ తొక్కకముందే మన తప్పుల చిట్టా మనమే విప్పుకుని కూర్చుంటాం. పోయిన నెల కానుక తగ్గించాననా? ఉపవాస ప్రార్థనకి ఎగనామం పెట్టాననా? అత్తగారికి ఎదురు చెప్పాననా?

ముందు ఆ టీ తాగు తల్లీ, చల్లారిపోతోంది. తాగుతూ విను.

మన రాయచూరు జిల్లా పోతనాళ చుట్టుపక్కల క్యాంపుల్లో మనవాళ్ల బతుకంతా తుంగభద్ర ఎడమ కాలువ మీదే కదా. 1953లో డ్యామ్ పూర్తయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి ఈ నల్లరేగడిలో వరి వేసుకున్నాం. అట్లాంటి డ్యామ్‌కి 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటే కొట్టుకుపోయింది. నిండిన నీళ్లు కళ్లముందే నదిలోకి వెళ్లిపోతుంటే మనకి ముద్ద దిగిందా? ఇది ఎవరి పాపమోనని కూడా అనుకునే ఉంటాం. కానీ ఏడు పదులు దాటిన కట్టడంలో తెగింది ఒక గొలుసు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి సలహాతో ఇంజనీర్లు, కార్మికులు వారం తిరిగేసరికి పారే నీళ్లలోనే ఉక్కు పలకలు దించి గండి మూసేశారు. మనం ఆ వారమంతా ప్రార్థన చేశాం. చేయాలి కూడా. అయితే ఆ ప్రార్థనకి జవాబు క్రేన్ ఎక్కి వచ్చిందని ఒప్పుకోవడానికి మనకెందుకు మొహమాటం?

ఇలాంటి ముచ్చటే యేసయ్య దగ్గరికీ వచ్చింది. లూకా సువార్త పదమూడో అధ్యాయం తీసి చూడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. ఊళ్లో మిగిలినవాళ్లకంటే వీళ్లు పెద్ద పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. మీరూ మనసు మార్చుకోండని మిగతావాళ్లకి గట్టిగానే చెప్పాడనుకో, అది దాచను. కానీ రాళ్లకింద పోయినవాళ్ల మీద నింద వెయ్యలేదు. యోహాను తొమ్మిదిలో పుట్టుగుడ్డివాడి సంగతీ అంతే. పాపం ఇతనిదా, అమ్మానాన్నలదా అని శిష్యులు అడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు. మన గురించి అయితే అదే మాట ఎందుకు నమ్మబుద్ధి కాదు మనకి?

ఎందుకంటే మనసులో మనం పెట్టుకున్న దేవుడు వడ్డీ లెక్క పుస్తకం పట్టుకుని వాకిట్లో నిలబడే షావుకారు. ఆ మొహం యేసయ్యది కాదు. ఎవరైనా "దేవుడు నిన్ను శిక్షిస్తున్నాడు" అంటే, చెప్పినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, ఆ మాటని సువార్తల్లో కనిపించే మనిషి పక్కన పెట్టి చూడు. ఆయన రోగిని ఎప్పుడైనా గద్దించి పంపాడా? పోలిక కుదరకపోతే ఆ మాట అక్కడే వదిలెయ్. దేవుడిచ్చిన బుద్ధి వాడటం అవిశ్వాసం ఎలా అవుతుంది? బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో రోజూ సరిచూసుకున్నారు. బైబిలు వాళ్లని మెచ్చుకుంది గానీ తిట్టలేదు.

యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నంతసేపూ ఎంత మంచివాళ్లో! మాట మొదలుపెట్టాకే పాడుచేశారు. "నువ్వేదో చేసే ఉంటావు" అని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. చివరికి దేవుడికి కోపమొచ్చింది ప్రశ్నలేసి వేసారిపోయిన యోబు మీద కాదు, ఈ వకీళ్ల మీద. పరామర్శకి వచ్చి "నీకు విశ్వాసం తక్కువ" అని పోయేవాళ్లంటే నాకు అందుకే ఒళ్లు మంట. అలాగని యోబుకి ఎందుకిలా జరిగిందో దేవుడు విడమరిచి చెప్పాడా అంటే, చెప్పలేదు. ఆలోచించినంత మాత్రాన ప్రతి "ఎందుకు"కీ జవాబు దొరకదు చెల్లీ. దేవుడి మీద పడ్డ అబద్ధపు నిందలు మాత్రం తొలగుతాయి. కొన్ని రాత్రులు గడవడానికి అంతమాత్రం చాలు.

పండిత రమాబాయి పేరు విన్నావు కదా? 1858లో మన కర్ణాటక పడమటి కనుమల అడవుల్లోనే పుట్టింది. 1870ల కరువులో అమ్మ, నాన్న, అక్క కళ్లముందే పోయారు. ఎన్ని ఉపవాసాలు, ఎన్ని దానాలు చేసినా ఆకలి తీరలేదు. అలాంటి మనిషి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది, తీసుకుని ఊరుకుందా? త్రిత్వం అంటే ఏమిటి, ఇది ఎందుకు నమ్మాలి, అది బైబిల్లో ఎక్కడుంది అంటూ తనని చేరదీసిన మఠవాసినులతోనే ఉత్తరాల్లో వాదించింది. వాళ్లు నొచ్చుకున్నా సరే, అర్థం కానిదానికి తల ఊపలేదు. క్రీస్తుని తాను నిజంగా తెలుసుకోవడానికి బాప్తిస్మం తర్వాత ఏళ్లు పట్టిందని తానే రాసుకుంది. ఆ ప్రశ్నల మనిషే తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ పెట్టి, కరువులో దిక్కులేని ఆడపిల్లల్ని సాకింది. హెబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలుని మరాఠీలోకి తెచ్చింది. మరి మనం స్త్రీల కూటంలో ఒక్క సందేహం అడిగితే విశ్వాసం జారిపోతుందా?

ఇక పనిలోకి వద్దాం. నీ ప్రార్థన పుస్తకంలో వెనక నాలుగు పేజీలు వదిలి అక్కడ ప్రశ్నలు రాసుకో. పాస్టరమ్మని ఒకటొకటిగా అడుగు. ఆవిడకి తోచకపోతే అయ్యగారిని కనుక్కుని చెబుతుంది, అందులో ఎవరికీ చిన్నతనం లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక లూకా సువార్త రోజుకో అధ్యాయం చదువు, 24 ఉన్నాయి, నెల కూడా పట్టదు. యేసయ్య ఎవరి మీద విసుక్కున్నాడో, ఎవరి దగ్గర ఆగాడో గీత గీసుకుంటూ వెళ్లు. ఎనిమిదో అధ్యాయంలో 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతూ, ఉన్నదంతా డాక్టర్లకి ధారపోసిన ఆవిడ వస్తుంది. ఆమెని గుంపులో నిలబెట్టి, "కూతురా" అని పిలిచాడు. అక్కడ కాసేపు ఆగు.

ఆ సువార్త రాసిన లూకా వైద్యుడని పౌలే చెప్పాడు. యెషయా ప్రవక్త అంతటివాడు హిజ్కియా రాజు పుండుకి అంజూరపు పళ్ల ముద్ద వేయించాడు. కాబట్టి ప్రార్థన చేశాం కదా అని మందులు మానేసే పని పెట్టుకోకు. కడుపు నిలవకపోవడానికి థైరాయిడ్ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, ఇంట్లో కూర్చుని పాపాలు లెక్కపెట్టుకుంటే తెలియదు. మాన్వి ఆసుపత్రిలో కాకపోతే రాయచూరు రిమ్స్‌కి వెళ్లు. ఆయన్ని కూడా తీసుకెళ్లు, షుగర్ చూపించుకోవాలి కదా. పాత చీటీలన్నీ ఒక కవర్లో పెట్టుకో. పొద్దున బస్సెక్కే ముందు నాకో ఫోన్ కొట్టు, పిల్లల్ని బడి నుంచి నేను తీసుకొస్తాలే.