మామిడి అంట్లకు చలువపందిరి

ఏలూరు జిల్లా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతముల రైతులకు మామిడి ప్రధానమైన జీవనాధారము. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసము, పెద్దరసము ఇచ్చటి తోటలకు పేరు తెచ్చినవి. అయితే తోట వేయు రైతునకు ఒక పెద్ద ఆపద కలదు. బంగినపల్లియని నమ్మి కొన్న అంటు వేరొక రకమైనచో, ఆ సంగతి కాపు వచ్చుదాక, అనగా నాలుగైదేండ్ల దాక, తెలియదు. పోయిన ధనమును మరల సంపాదింపవచ్చును గాని, పోయిన ఏండ్లు తిరిగి రావు. కావున గ్రామమునకు కావలసిన అంట్లను గ్రామముననే పెంచుకొనుట మేలు.

చలిదేశమునకు, మనకు భేదము

లడఖువంటి శీతల పర్వతప్రాంతములలో కూరమొక్కలను పారదర్శకమైన కప్పుగల ఇండ్లలో పెంచుదురు. దక్షిణపు వైపున ఎండ లోనికి ప్రవేశించును. మిగిలిన మూడువైపుల నుండు మట్టిగోడలు పగటి వేడిని పీల్చి రాత్రి విడుచును. అందుచే లోపలి మొక్కలు మంచునకు చావవు. మన ప్రాంతమున మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇచ్చట అట్టి ఇల్లు కట్టినచో లేతమొక్కలు ఉడికిపోవును. మనకు కావలసినది వేడి కాదు; నీడయు, తేమయు.

పందిరి వేయు విధము

నీటివసతి కలిగి, వర్షపునీరు నిలువని మెరకచోటు నెన్నుకొనవలయును. మనిషి నిలిచి పనిచేయుటకు వీలుగా ఏడడుగుల ఎత్తున పందిరి వేసి, సగము ఎండను ఆపు షేడ్‌నెట్టును పరువవలయును. అది లేనిచో తాటాకులు, కొబ్బరిమట్టలు పలుచగా పరచినను చాలును. పడమటివైపున తడిక కట్టుట మరువరాదు. సాయంకాలపు ఎండ లేత చిగుళ్లను మాడ్చును.

టెంక మొదలు అంటు వరకు

మామిడి టెంకకు మొలకెత్తు శక్తి త్వరగా నశించును. కావున పండునుండి తీసిన నెలలోపుననే నాటవలయును. కడిగిన టెంకలను నీటిలో వేసి, తేలినవానిని పారవేయవలయును. ఎఱ్ఱమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచులలో నింపి టెంకలను నాటినచో, రెండుమూడు వారములలో మొలచును.

మొలక వచ్చిన 10 – 15 దినములకు, ఆకులు రాగిరంగున నున్నప్పుడే, అంటు కట్టవలయును. చక్కగా కాయునని ఊరివారెల్లరు ఎరిగిన తల్లిచెట్టునుండి మూడునాలుగు నెలల వయస్సుగల కొమ్మలను తీసికొనవలయును. కోతకు వారము, పదిదినముల ముందుగా ఆ కొమ్మల ఆకులను కాడలు మిగులునట్లు తుంచవలయును. మొలక తలను కోసి నడుమ చీల్చి, రెండుప్రక్కల చెక్కిన కొమ్మను అందు దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టవలయును. పైన సన్నని పాలిథీన్ గొట్టమును తొడిగినచో తేమ నిలుచును. చలిదేశపు గాజుటింటినుండి మనము గ్రహింపదగినది ఈ చిన్న తొడుగు మాత్రమే. చిగురు వేయగానే దానిని సాయంకాలమున తీసివేయవలయును.

అతుకునకు దిగువను వచ్చు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయవలయును. లేనిచో అంటు అణగిపోయి, నాటుచెట్టే మిగులును. తోటలో నాటుటకు ముందు కొన్ని వారములపాటు నీడను క్రమముగా తగ్గించి మొక్కలను ఎండకు అలవాటు చేయవలయును.

పంచాయతీ బాధ్యత

పది మీటర్ల ఎడమున నాటినచో ఎకరమునకు సుమారు 40 అంట్లు పట్టును. ఈ లెక్క ననుసరించి గ్రామపు అవసరమును ముందుగా తెలిసికొనవలయును. తల్లిచెట్లకు గుర్తులు వేసి, ప్రతి అంటునకు రకము, తల్లిచెట్టు సంఖ్య, కట్టిన తేదీ వ్రాసిన చీటీ కట్టి, ఆ వివరములను పుస్తకమున నమోదు చేయవలయును. పండ్లమొక్కల నర్సరీల నమోదునకు మన రాష్ట్రమున 2010లో చట్ట మేర్పడినది. అంట్లను అమ్మదలచినచో ముందుగా ఉద్యానశాఖ అధికారిని సంప్రదింపవలయును. అంటు కట్టు పనిలో మెలకువలను నూజివీడులోని మామిడి పరిశోధనాస్థానమున అడిగి తెలిసికొనవచ్చును.

ఒక పందిరి, ఒక పుస్తకము, నమ్మకమైన కొన్ని తల్లిచెట్లు ఉన్నచో గ్రామపు రైతు మోసపోడు. సభ్యులు రాబోవు పండ్లకాలమునకు ముందే ఈ విషయమును సమావేశమున చర్చించి, స్థలమును నిర్ణయింతురు గాక.