పోటీ పరీక్షల ప్రత్యేకం: వాతావరణ అంచనా, టమాటా సాగు

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు ఓడలరేవు. అల్లవరం మండలంలోని ఈ తీరంవాళ్లకు తుపాను హెచ్చరిక విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను కూల్చేసింది. కొబ్బరిచెట్టును కదిలించలేం. టమాటా అలా కాదు. రంగు తిరిగిన కాయను వానకు ముందే కోస్తే ఇంట్లోనే పండుతుంది. చేలోనే ఉంచితే ఎడతెగని వానకు పగులుతుంది, నీరు నిలిస్తే మొక్క వడలిపోతుంది. అందుకే అంచనా ఈ పంటకు ఎక్కువ అక్కరకొస్తుంది.

టమాటా పిందె కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 15–20 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. పగలు 35 దాటితే పూత రాలుతుంది. నాటే తేదీ ఎంచుకునేది ఈ లెక్కతోనే.

గుర్తుంచుకోవలసినవి: భారత వాతావరణ శాఖ స్థాపన 1875. నైరుతి రుతుపవనాల తొలి అంచనా ఏప్రిల్‌లో, సవరించినది మే చివర్లో వస్తుంది. ఈ రుతుపవన కాలంలో దేశానికి 1971–2020 సగటు వర్షపాతం 87 సెంటీమీటర్లు. అందులో 96–104 శాతం పడితే ‘సాధారణం’. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలు ఇస్తారు. ఈ సలహాలు అందించే మేఘదూత్ యాప్ 2019లో వచ్చింది.

ఇక ధర సంగతి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల ధరల ఒడిదుడుకులను తగ్గించడం కోసం ‘ఆపరేషన్ గ్రీన్స్’ను 2018–19 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్లతో ప్రకటించారు. ఈ అంకెను తప్పక గుర్తుపెట్టుకోండి.